నీళ్ళమీద బిగించిన బోల్టులు

"నన్ను విడిపించడం తర్వాత సంగతి. ముందు నాకొక్క ముక్క చెప్పండమ్మా. నా బిడ్డని నా చేతులే చంపాయా?"

లాకప్ ఊచల వెనకనుంచి మేస్త్రీ అడిగిన మొదటి మాట అది. నేనింకా కుర్చీ లాక్కుని కూర్చోనేలేదు. ఎన్నిసార్లు కడిగినా నూనె మరకలు వదలని తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. మొన్నటిదాకా పడవల షెడ్డులో ఆయన గొంతు లేస్తే ఇంజన్ శబ్దం కూడా వినిపించేది కాదట. ఇప్పుడు మాట నోరు దాటడమే కష్టంగా ఉంది.

జరిగింది ఇది. మేస్త్రీకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి నీళ్ళమీద స్కీయింగ్‌లో ఛాంపియన్. అల్లుడికి సరస్సు ఒడ్డున స్కీ క్లబ్బు ఉంది. పోటీలకి వాడే వాళ్ళ పడవ గేర్‌బాక్స్ పాడైతే మేస్త్రీయే విప్పి బాగుచేసి క్లబ్బుకి చేర్చాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మాయి పడవ వెనక నీళ్ళలో దిగి కాళ్ళకి స్కీ తొడుక్కుంటోంది. ఇంజన్ ఆపే ఉంది. ఆమె చెయ్యెత్తగానే భర్త స్టార్ట్ చేశాడు. గేరు కర్ర న్యూట్రల్‌లోనే ఉంది. పడవ మాత్రం ఒక్క ఊపున వెనక్కి పోయింది. ప్రొపెల్లర్ ఉండేది వెనకే. అంతకంటే వివరంగా చెప్పడం నాకిష్టం లేదు.

గేర్ కేబుల్‌ని పట్టి ఉంచే బిగింపు పక్కకి జరిగి ఉందనీ, పైన కర్ర న్యూట్రల్ చూపిస్తుంటే కింద గేర్‌బాక్స్ రివర్స్‌లో ఉందనీ పోలీసులు తేల్చారు. నిర్లక్ష్యంగా రిపేరు చేసి కన్నకూతురి చావుకి కారణమయ్యాడని మేస్త్రీని లోపలేశారు.

"గేర్‌బాక్స్ విప్పిన దగ్గర్నుంచి చెప్పండి. ఒక్కటి కూడా మింగొద్దు," అన్నాను.

"గేరు ముందుకి వేస్తే ఇంజన్ అరుస్తుంది గానీ పడవ కదలట్లేదని మా పెద్దదే తెచ్చింది. నూనె తీస్తే మాడు వాసన. క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. ప్రొపెల్లర్ తిప్పే షాఫ్ట్ ఉంది కదా, దాని కప్లింగ్ బోల్టులు విప్పి, షాఫ్టుని వెనక్కి తోసి, పైపులూ కేబులూ వైర్లూ ఊడదీశాం. ఇంజన్ వెనక భాగం జారకుండా కింద చెక్క దిమ్మ పెట్టాం. నేనూ నా చిన్నదీ పట్టుకుని గేర్‌బాక్సుని బయటికి లేపాం. నా నడుం అప్పుడే పట్టేసింది. బల్లమీద మొత్తం విప్పి ప్లేట్లు, నూనె కారకుండా ఆపే సీళ్ళు కొత్తవి వేశాం. నూనె పంపు ఏ దిక్కుకి తిరగాలో ఒకటికి రెండుసార్లు చూసి పెట్టాం. మళ్ళీ ఎక్కించాం. కప్లింగ్ మాత్రం బిగించలేదు."

"ఎందుకు బిగించలేదు?"

ఆ ప్రశ్నకి ముసలాయన కాస్త ప్రాణం పుంజుకున్నాడు. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించాడు.

"గేర్‌బాక్స్ వెనక ఒక ఇనుప పళ్ళెం, షాఫ్ట్ చివర ఒక ఇనుప పళ్ళెం. అదే కప్లింగు. రెండూ ముఖాముఖీ అతుక్కోవాలి. ఏ పక్కా వెంట్రుకంత నోరు తెరవకూడదు. తెరిస్తే షాఫ్ట్ కొట్టుకుంటుంది, కొత్త సీలు నాలుగు రోజుల్లో పోతుంది. ట్రెయిలర్ బండి మీద ఎంత సరిచేసినా దండగ. నీళ్ళలో కూర్చున్నాక పడవ ఒళ్ళు వేరేగా సర్దుకుంటుంది. అందుకే మా షెడ్డులో పద్ధతి ఒకటే. బోల్టులు చేత్తో తిప్పి వదిలేస్తాం. పడవని నీళ్ళలో దించి, నాననిచ్చి, అప్పుడు కొలిచి, ఇంజన్ మౌంట్లు సర్ది బిగిస్తాం. మర్నాడు నేనే వెళ్ళి దించుదామనుకున్నా."

"పోలీసులు చూసేసరికి బోల్టులు గట్టిగా బిగించి ఉన్నాయి. పడవ నీళ్ళలో ఉంది."

"నేను దించలేదమ్మా! బిగించలేదు!" అని అరిచాడు. అరిచిన గొంతే మరుక్షణం జావగారిపోయింది. "కేబుల్ కూడా సరిగ్గానే పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నా. ఇక్కడ కూర్చుని అదే తలుచుకుని తలుచుకుని, ఇప్పుడు నాకే నమ్మకం పోయింది. ముసలితనం కదా. బిగించి మర్చిపోయానేమో. నా పెద్దది నా చేతిలోనే పోయిందేమో."

"ఆ సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే, నడుం మీద కాపడం పెట్టుకుని. ఒక్కణ్ణే. చిన్నది గేరు ఆయిల్ తేవడానికి బజారుకి పోయింది."

"మీరు కాకుండా ఈ పని ఎవరికొచ్చు?"

"రెంచి పట్టినవాడల్లా వచ్చనే అంటాడు. నేను నేర్పింది చిన్నదానికొక్కదానికే. పెద్దదానికి ఈ మురికి పడేది కాదు. దాని చోటు నీళ్ళమీద. అది అలా లేచి తేలుతుంటే చూడాలమ్మా..." అని మళ్ళీ తన చేతులకేసి చూసుకున్నాడు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, ఏడుపు మాత్రం అంత త్వరగా రాదు. ఆ రోజు మాత్రం ఇంకాసేపుంటే ఏడ్చేసేదాన్ని. "తేలుస్తాను," అని ఒక్క మాట అనేసి బయటపడ్డాను.

బయట బెంచీ మీద చిన్నమ్మాయి కూర్చుని ఉంది. తండ్రిని విడిపించమని, ప్రైవేటు డిటెక్టివ్‌నైన నన్ను పెట్టుకున్నది ఆమే. ఇంట్లో, క్లబ్బులో అందరూ చిన్నీ అనే పిలుస్తారు. ముప్ఫై దాటినా ఆ పేరు వదల్లేదు. జుట్టు గట్టిగా ముడేసి, నూనె మరకల చొక్కాతోనే వచ్చింది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"ఏమన్నాడండీ నాన్న?"

"తనే చేశాడేమోనని భయపడుతున్నాడు."

"నాన్న కేబుల్ తప్పు పెట్టడు. చచ్చినా పెట్టడు." ఆమె గొంతులో వణుకు లేదు. "మీరొకటి చూడండి. గేర్‌బాక్స్ పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వదు. కేబుల్ తప్పుంటే ఇంజన్ అసలు మాట్లాడకూడదు కదా! మరెలా స్టార్టయింది? పోలీసులు దాని జోలికే పోలేదు."

నా బుర్ర ఒక్కసారిగా వెలిగింది. ఇంత చిన్న సంగతి ఇన్‌స్పెక్టర్‌కి తట్టనందుకు సంతోషం వేసిందని కూడా ఒప్పుకోవాలి. ఇద్దరం నా కారెక్కి సరస్సుకి బయల్దేరాం.

క్లబ్బు ఆఫీసులో అల్లుడు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. గోడ నిండా భార్య గెలిచిన కప్పులు. మరదల్ని చూసి తలొంచుకున్నాడు గానీ పలకరించలేదు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. నేను మొహమాటం పెట్టుకోలేదు.

"పడవని నీళ్ళలో ఎవరు దించారు?"

"మామయ్యే అనుకున్నాం. పొద్దున వెళ్ళేసరికి జెట్టీకి కట్టి ఉంది."

"అనుకున్నారా, తెలుసా?"

"అనుకున్నామండీ. ఇంకెవరు దించుతారు?"

"ట్రెయిలర్ లాగే జీపు తాళం ఎక్కడుంటుంది?"

"ఇదిగో, ఈ మేకుకే. ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు."

"ముందురోజు సాయంత్రం మీరెక్కడ?"

"నేనూ మా ఆవిడా ఇంట్లోనే ఉన్నాం." గోడమీది కప్పులకేసి చూసి, "సాక్ష్యం చెప్పడానికి తను లేదు," అన్నాడు.

"గేర్‌బాక్స్ గురించి మీకేం తెలుసు?"

"ముందుకి, వెనక్కి, మధ్యలో. అంతే. నన్ను అనుమానిస్తున్నారా మీరు? నా కళ్ళముందు, నా చేత్తో తాళం తిప్పి..." ఆయన బల్లమీద గుద్దాడు. పెన్నులు దొర్లి కింద పడ్డాయి.

"మీ ఇద్దరికీ గొడవలున్నాయా?"

"మా మధ్య ఏ గొడవా లేదు. ఉన్నదల్లా షెడ్డు గొడవే. మామయ్యకి ఓపిక తగ్గింది, షెడ్డు మూసేసి మా ఇంటికొచ్చేయమని మా ఆవిడ పట్టుబట్టింది. తను అడిగితే మామయ్య కాదనడు. వచ్చే నెల ఖాళీ చేసేద్దామన్నాడు."

"మరి చిన్నీ?"

"చిన్నీకేముంది, ఏదో ఒక ఉద్యోగం చూద్దాంలే అనుకున్నాం."

"నన్నెవరూ అడగలేదు లెండి," అంది చిన్నీ గుమ్మంలోంచి. నవ్వుతున్నట్టే అంది. నేను ఆ నవ్వుని పట్టించుకోలేదు. నా దృష్టంతా అల్లుడి మీదే ఉంది. తాళం తిప్పినవాడు, ఆ సాయంత్రానికి సాక్ష్యం లేనివాడు, జీపు తాళం చేతికందేవాడు. ఇంకేం కావాలి?

జెట్టీ మీదికి వెళ్ళేసరికి మా ఇస్త్రీ అక్కడే తగలడ్డాడు. అంటే ఇన్‌స్పెక్టర్. ఎండలో కూడా మడత నలగని యూనిఫారం వేస్తాడని డిపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు నేనే పెట్టిన పేరు. అప్పుడు నా కింద పనిచేశాడు. ఇప్పుడు నేను బయటికొచ్చేశాను, అతను నా కుర్చీలో ఉన్నాడు. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

"రండి మేడమ్. మోకాలు నొప్పి ఎలా ఉంది? పడవలో దిగగలరా, స్ట్రెచర్ తెప్పించమంటారా?"

"నా మోకాలు నొప్పి సంగతి దేవుడెరుగు, నీ బుర్రకి పట్టిన తుప్పు సంగతి చూసుకో. ఇంజన్ ఎలా స్టార్టయింది?"

"అంటే?"

"కేబుల్ తప్పు పెట్టాడన్నావు. గేరు రివర్స్‌లో ఉందన్నావు. రివర్స్‌లో ఉంటే ఇంజన్ స్టార్ట్ కాకూడదు. దానికో స్విచ్ ఉంటుంది. చూశావా?"

ఇస్త్రీ కాలరు సర్దుకున్నాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ సరస్సు కేసి తిరిగి నిలబడ్డాడు. నేను పోలీసు సీలు తప్పించి పడవ ముసుగెత్తి, మూలుగుతూ, తిట్టుకుంటూ, పడవ నడిమధ్య ఇంజన్ పెట్టె పక్కన మోకాళ్ళమీద కూలబడ్డాను. చిన్నీ టార్చి పట్టుకుంది. గేర్‌బాక్స్ పక్కన, మామూలుగా చూస్తే కనబడని చోట, చిటికెన వేలంత స్విచ్. దానికి రావలసిన రెండు వైర్లూ స్విచ్‌కి లేవు. తోలు ఒలిచి, ఒకదానికొకటి మెలేసి ఉన్నాయి. టేపు కూడా చుట్టలేదు. చేతకానివాడు చేసిన పనిలా ఉంది.

"చూడు నాయనా," అన్నాను. "స్విచ్‌కి గంతలు కట్టేశారు. వైర్లు ఇలా కలిపేస్తే ఏ గేరులో ఉన్నా ఇంజన్ స్టార్టవుతుంది. ఇది మరుపు కాదు, నిర్లక్ష్యం కాదు. కేబుల్ జరిపింది కూడా కావాలనే. ఇది హత్య."

ఇస్త్రీ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి అతని మోకాళ్ళ దగ్గర మడత చెదిరిపోయింది.

"సరే. హత్యే అనుకుందాం. మేస్త్రీయే చేసి ఉండచ్చుగా?"

"ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకున్న కూతుర్నా?"

"కళ్ళనీళ్ళు సాక్ష్యం కాదు మేడమ్. మీరే నేర్పారు."

నా పాఠం నాకే అప్పజెప్పాడు. ఒళ్ళు మండింది. కానీ మాట నిజమే, మేస్త్రీ చేతులు ఈ పని చేయలేదని నాకు రుజువు కావాలి. ఆయన లాకప్‌లో అరచేతులు ఎదురెదురుగా పెట్టి చూపించింది గుర్తొచ్చింది.

"అయితే కప్లింగ్ కొలుద్దాం," అన్నాను. "మేస్త్రీ బోల్టులు వదులుగా వదిలేశాడు. ఎవరో పడవని దించి వాటిని బిగించారు, లేకపోతే పొద్దున ఇది కదిలేదే కాదు. బయటివాడైతే రెంచి పెట్టి ఎడాపెడా బిగించేసి ఉంటాడు. పళ్ళేలు ఒక పక్క నోరు తెరుచుకుని ఉంటాయి. మేస్త్రీ బిగిస్తే అలా ఉండదు, ఆయనకి అది చేతకాదు. కొలిస్తే తెలిసిపోతుంది."

"దానితో ఏం పనండీ?" చిన్నీ వెంటనే అంది. "స్విచ్ దొరికింది కదా. అది చాలదా?"

"స్విచ్ ఎవరు కలిపారో స్విచ్ చెప్పదమ్మా."

"బావ కాకపోతే ఇంకెవరు? తాళం తిప్పింది ఆయనే. ఇప్పుడు అవన్నీ విప్పడం ఎందుకు? విప్పితే ఉన్న సాక్ష్యం పోతుంది."

"మీ నాన్న బయటికి రావాలా వద్దా?"

ఆమె టార్చి ఆర్పేసింది. అలిసిపోయి ఉందనుకున్నాను. అక్క చనిపోయిన పడవలో అంతసేపు నిలబడడం మాటలు కాదు కదా అని జాలిపడ్డాను కూడా. నా జాలి తగలెయ్య!

ఇస్త్రీ చేతులు కట్టుకున్నాడు. "కొలిచేదెవరు?"

"మేస్త్రీ. నీ ఎదురుగా, నువ్వు వంగి చూస్తుండగా."

"తేడా రాకపోతే మీరు ఈ కేసు వదిలేసి వెళ్ళాలి."

"వస్తే నువ్వు ఆయన సంకెళ్ళు ఇక్కడే తీయాలి."

సరేనన్నాడు. జీపు పంపించాడు.

మేస్త్రీని తీసుకొచ్చేసరికి అల్లుడు కూడా జెట్టీ మీదికి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ముసలాయన పడవని చూసి అడుగు వేయలేకపోయాడు. చిన్నీ చెయ్యి అందిస్తే ఆ చెయ్యి పట్టుకుని దిగాడు. కొలతకోసం కాసేపు సంకెళ్ళు తీయగానే, పనిముట్ల డబ్బా చూసి, అన్నం ముందు కూర్చున్నవాడిలా చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఆ అలవాటుకి తనే సిగ్గుపడ్డట్టున్నాడు, నా వంక చూసి తల దించుకున్నాడు.

"కొలవండి మేస్త్రీ. మీరు అడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది."

నడుం పట్టుకుని పొర్లి, ఇంజన్ వెనక సందులోకి చెయ్యి పోనిచ్చాడు. ముందు ఇంజన్ మౌంట్లు తడిమాడు. ఇంజన్ ఎత్తు సర్దే నట్లు అవి. తడిమిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"జరిగాయి," అన్నాడు.

"ఏమిటి?"

"మౌంట్లు జరిగాయమ్మా. నేను వదిలిన చోట లేవు. వెనక ఎడమది దిగింది, ముందుది కాస్త లేచింది. ఎవరో తిప్పారు." చటుక్కున నా వైపు తిరిగాడు. "నేను కాదు. షెడ్డులో నేను సున్నంతో గీత పెట్టి వదిలాను. గీతలు కలవట్లేదు. చూడండి సారూ, మీరే చూడండి!"

ఇస్త్రీ టార్చి లాక్కుని బోర్లా పడుకుని మరీ చూశాడు. "కలవట్లేదు," అని ఒప్పుకున్నాడు, పళ్ళ సందునుంచి.

మేస్త్రీ ఏడవడం మొదలుపెట్టాడు. నూనె చేతుల్తోనే మొహం తుడుచుకున్నాడు. "నేను కాదమ్మా. నా చేతులు కాదు. నేను వదిలేసి వెళ్ళాక ఎవరో ముట్టుకున్నారు. నా తల్లిని నేను చంపుకోలేదు." అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యేశాను. లాకప్‌లో చూసిన మనిషికన్నా పదేళ్ళు చిన్నవాడిలా కనబడ్డాడు.

"ఇక కప్లింగ్," అన్నాను అల్లుడి వైపు చూస్తూ. "ఎంత నోరు తెరిచిందో అందరూ వినేలా చెప్పండి."

మేస్త్రీ బోల్టులు విప్పాడు. షాఫ్టుని చేత్తో మెల్లగా ముందుకి తెచ్చి పళ్ళేలు రెండూ తాకించాడు. సన్నని ఉక్కు రేకుల కట్ట విప్పాడు. కాగితం కన్నా పలచన రేకులు, సందు ఎంతుందో చూడడానికి. మందం రేకు పైన దూర్చబోయాడు. దూరలేదు. పక్కన దూర్చబోయాడు. దూరలేదు. కింద, ఇంకో పక్క, ఎక్కడా దూరలేదు. దానికన్నా పలచనిది తీశాడు. నాలుగు వైపులా ఒకే బిగువుతో జారింది. షాఫ్టుని సగం చుట్టు తిప్పి మళ్ళీ చూశాడు. అంతే.

"ఏం, ఎంత తేడా?" అని ఇస్త్రీ అడిగాడు.

"తేడా లేదు." మేస్త్రీ గొంతులో ఆశ్చర్యం, దానితోపాటే పనివాడి మెచ్చుకోలు. "అద్దంలా కూర్చుంది. నీళ్ళలో నానబెట్టి, ఓపిగ్గా, మౌంట్లు ఒక్కో పిసరూ సర్ది చేశారు. నేను చేసినా ఇంతకన్నా బాగా రాదు."

నా పథకం నా మొహాన్నే కొట్టింది. నోరు తెరుచుకుని ఉంటుందన్న కప్లింగ్ మూసుకుని ఉంది. అయినా వదల్లేదు.

"మీ అల్లుడు చేయగలడా ఈ పని?"

"వాడా?" మేస్త్రీ ఏడుపులోనే ఫక్కున నవ్వాడు. "వాడికి రెంచి ఏ పక్క పట్టుకోవాలో తెలీదు. చంపాలనుకున్నవాడు బోల్టులు బిగించి పోతాడు గానీ, ఇంత పొద్దు కూర్చుని సీలు పాడవకూడదని ఎవడు చూస్తాడమ్మా? ఇలా వదల్లేనివాళ్ళే చేస్తారు. చెయ్యి ఊరుకోదు. మా షెడ్డులో..."

నవ్వు సగంలో తెగిపోయింది.

ఆయన ఎవరి వంకా చూడలేదు. ఇంజన్ సందులోకే చూస్తూ ఉండిపోయాడు. రేకుల కట్ట మూసి డబ్బాలో పెట్టేశాడు. నేను మాత్రం తల తిప్పాను. చిన్నీ పడవ అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో భయం లేదు. బల్ల మీద పని విప్పి పెట్టాక ఎక్కడ తప్పు పోయిందో చూసుకునే మనిషి మొహం అది.

స్విచ్ చూడమన్నది ఆమె. టేపు కూడా చుట్టకుండా మొరటుగా కలిపిన వైర్లు, చేతకానివాడి పనిలా కనబడాలని. బావ మీదికి పోవాలని. తండ్రి బయటికి రావాలని నన్ను నిజంగానే పెట్టుకుంది. అన్నీ ఆలోచించుకుంది. కప్లింగ్ దగ్గరికొచ్చేసరికి ఆలోచన ఆగిపోయి చెయ్యి పనిచేసింది. ఇరవై ఏళ్ళ అలవాటు. అక్కని చంపే పడవైనా సరే, కప్లింగ్ వంకరగా వదలడం ఆ చేతికి రాలేదు.

"ఇన్‌స్పెక్టర్..." అని నేను నోరు తెరిచేలోపు మేస్త్రీ లేచాడు. లేవడానికి ఎవరి చెయ్యీ అడగలేదు.

"నేనే చేశాను సారూ."

"ఏమిటి?" అన్నాడు ఇస్త్రీ.

"సాయంత్రం నేనే వచ్చి దించాను. నేనే కొలిచి బిగించాను. వైర్లు నేనే కలిపాను. ఇంత పని ఇంకెవరికొస్తుంది? రాసుకోండి."

"అబద్ధం!" అన్నాను. "ఇప్పుడే కదా ఏడ్చారు? నా చేతులు కాదని నా ఎదుటే ఏడ్చారు! మేస్త్రీ, నడుం పట్టేసిన మనిషి ఒంటరిగా ట్రెయిలర్ దించగలడా?"

"దించాను," అన్నాడు మొండిగా. "ఎందుకు చేశావని అడగొద్దు. పెద్దది నా షెడ్డు మూసేయమంది. కోపం వచ్చింది. చాలా?"

ఆ కారణం ఆయనది కాదు. ఎవరిదో ఆయనకి ఇప్పుడే తెలిసింది. తెలిసిన మరుక్షణమే తన నెత్తిన వేసుకున్నాడు. ఇందాకే తేలిక పడ్డ చేతుల్ని రెండూ కలిపి సంకెళ్ళకోసం ముందుకి చాపాడు. ఇస్త్రీ నా వంక చూశాడు. ఒక్క క్షణం అతనికీ అనుమానం వచ్చిందనే అనుకుంటాను. కానీ నోటితో ఒప్పుకున్న ముద్దాయి చేతిలో ఉంటే కాదని వదిలే పోలీసుని నేనింతవరకు చూడలేదు.

"మన పందెం గుర్తుంది కదా మేడమ్. తేడా రాలేదు," అన్నాడు. గొంతులో వెక్కిరింత మాత్రం లేదు.

నేను చిన్నీ కోసం ఎదురుచూశాను. ఒక్క మాట. 'కాదు నాన్నా' అన్న ఒక్క మాట. కానిస్టేబుల్ ముసలాయన్ని జెట్టీ మీదికి ఎక్కించాడు. ఆయన వెనక్కి తిరగలేదు. కూతురు ఏమంటుందోనని వినడానికి కూడా ఆగలేదు. అల్లుడు ఆయన దారికి అడ్డంగా వెళ్ళి, "ఎందుకు మామయ్యా, ఎందుకు?" అని చొక్కా పట్టుకుంటే, విదిలించుకోకుండా తల వంచుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ ఇద్దర్నీ విడదీసి జీపు వైపు నడిపించాడు.

పడవలో మేమిద్దరమే మిగిలాం. నా మోకాలు పట్టేసి లేవలేకపోతున్నాను. చిన్నీ నా పక్కనే కూర్చుని, రెంచి తీసుకుని, తండ్రి విప్పిన బోల్టులు తిరిగి పెడుతోంది. ఒకటి బిగించి, దాని ఎదురుది బిగించి, మళ్ళీ పక్కది.

"చెప్పెయ్యి చిన్నీ," అన్నాను. "పరుగెత్తి చెప్పు. జీపు ఇంకా కదల్లేదు. ముసలాయన జైల్లోనే పోతాడు."

"నాన్నని విడిపించమన్నాను మిమ్మల్ని," అంది, తలెత్తకుండానే. "కప్లింగ్ జోలికి పోవద్దని కూడా చెప్పాను."

"విడిపించాను. నీకోసం తిరిగి లోపలికి పోయాడు. చూశావు కదా?"

రెంచి ఆగింది. ఆమె తలెత్తి, జీపు కేసి చూసింది. కళ్ళు నిండాయి. అప్పుడు నవ్వింది, పొద్దుటినుంచి మొదటిసారి మనసారా.

"చూశాను," అంది. "పుట్టాక నాకోసం ఆయన చేసింది ఇదొక్కటేనండీ. దీన్నెలా వద్దనమంటారు?"